కోతులు తెచ్చిన కబురు: క్యాసనూరు అడవి జ్వరం కథ

రక్తస్రావ జ్వరం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఎబోలా. దాని వెంటే ఆఫ్రికా అడవులు, ఒంటినిండా తొడుగులు వేసుకున్న వైద్యులు, టీవీలో చూసిన దృశ్యాలు కళ్ళ ముందు కదులుతాయి. అదెక్కడో దూరదేశపు ముప్పు, మనకేం భయం అనుకుంటాం. కాని వైద్యగ్రంథాలలో ఈ జాతి జ్వరాల పట్టిక తీసి చూస్తే అందులో ఒకదానికి కన్నడదేశపు అడవి పేరు ఉంటుంది. శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవి అది. ఎబోలా బయటపడింది 1976లో. మార్బర్గ్ జ్వరం 1967లో, లాసా జ్వరం 1969లో లోకానికి తెలిశాయి. క్యాసనూరు జ్వరాన్ని అంతకన్నా ముందే, 1957లో, పట్టుకున్నారు. అక్కడి జనం దాన్ని మంగన కాయిలె అంటారు. మంగ అంటే కోతి, కాయిలె అంటే జబ్బు. మనం కోతి జ్వరం అనుకోవచ్చు.

ఈ కథ చెప్పడానికి నాకు రెండు కారణాలున్నాయి. మన పత్రిక చేరే రాష్ట్రాలలో కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర మూడింటినీ ఈ జ్వరం ముట్టింది. అది మొదటి కారణం. ఈ రోగం ఎలా వస్తుందో కనిపెట్టడానికి మన దేశంలో పట్టింది రెండు మూడేళ్ళే. దాన్ని అదుపు చెయ్యడం మాత్రం అరవై ఏళ్ళు దాటినా పూర్తి కాలేదు. తెలుసుకోవడానికీ అదుపు చెయ్యడానికీ మధ్య ఇంత దూరం ఎందుకుందన్నది రెండో కారణం. నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమాఖర్చులు చూసే అలవాటుతో ఈ చరిత్రను చదివాను, అలాగే చెబుతాను.

రెండు ప్రశ్నలు

రక్తస్రావ జ్వరాలు ఒకే వైరస్ వల్ల వచ్చేవి కావు. వేర్వేరు వంశాల వైరస్‌లు మనిషిలో దాదాపు ఒకేలాంటి విధ్వంసం చేస్తాయి. హఠాత్తుగా జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కళ్ళు ఎర్రబడడం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు పడిపోతాయి. కొందరికి చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి, పేగుల నుంచి రక్తం పోతుంది. ఆ రక్తాన్ని చూసే వీటికి ఈ పేరు పెట్టారు.

ఇలాంటి ఏ రోగాన్నైనా అదుపు చెయ్యాలంటే ముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. మనుషులెవరికీ జ్వరం లేని నెలల్లో ఆ వైరస్ ఎక్కడ దాక్కుంటుంది? అక్కడి నుంచి మనిషి ఒంట్లోకి ఏ దారిన వస్తుంది? రెండో ప్రశ్నకు ఎబోలా ఇచ్చిన జవాబు ఘోరమైనది. 1976లో అప్పటి జయీర్ దేశంలోని యాంబుకు అనే ఊళ్ళో మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడ కొద్దిపాటి సిరంజులనే సరిగా ఉడకబెట్టకుండా ఒకరి తర్వాత ఒకరికి వాడారు. ఆ సూదుల వల్లా, రోగుల రక్తం, స్రావాలు తాకడం వల్లా 318 మందికి జ్వరం సోకింది, 280 మంది చనిపోయారు. ఆసుపత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది పోగా దాన్ని మూసేశారు. ఆ తర్వాతే జ్వరం తగ్గుముఖం పట్టింది. రోగిని విడిగా ఉంచడం, తాకే చేతికి తొడుగు వేసుకోవడం, శవసంస్కారంలో జాగ్రత్తపడడం అక్కడ పనికొచ్చాయి.

క్యాసనూరు జ్వరానికి ఈ మందు పనికిరాదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటినట్టు ఇంతవరకూ దాఖలా లేదు. రోగిని ఎంత దూరంగా ఉంచినా పక్క ఊళ్ళో మరొకరికి రావడం ఆగదు. కనుక ఇక్కడి దారి వేరుగా వెతకవలసి వచ్చింది.

1957 వేసవి

అప్పటికి కర్ణాటక అనే పేరు లేదు, అది మైసూరు రాష్ట్రం. సొరబ, సాగర తాలూకాల అడవి అంచు పల్లెల్లో జనం జ్వరంతో పడిపోతున్నారు, కొందరు చనిపోతున్నారు. మొదట టైఫాయిడ్ అనుకున్నారు. కాని జ్వరంతో పాటు మరో వింత కబురు కూడా బయటికొచ్చింది. అడవిలో కోతులు చచ్చి పడి ఉంటున్నాయి. కొండముచ్చులు, మామూలు కోతులు రెండూ.

మన పల్లెల్లో కోతి చచ్చిపోతే ఆంజనేయుని రూపమని పసుపు కుంకుమ చల్లి పూడ్చిపెట్టే ఆచారం ఉంది. అది వైద్య సమాచారం అవుతుందని ఎవరూ అనుకోరు. కాని ఈసారి ఆ కబురు ఆరోగ్యశాఖ దాకా, అక్కడి నుంచి పుణె దాకా వెళ్ళింది. భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి 1952లో పుణెలో వైరస్ పరిశోధన కేంద్రం నెలకొల్పాయి. నేటి జాతీయ వైరాలజీ సంస్థ అదే. అప్పుడు దాని డైరెక్టరు టెల్ఫర్డ్ వర్క్. కోతులు చస్తున్నాయి, మనుషులకు జ్వరం వస్తోంది అన్న రెండు మాటలు కలిపి వినగానే పుణెలో కంగారు పుట్టింది.

ఆ కంగారుకు కారణం ఎల్లో ఫీవర్. దక్షిణ అమెరికా అడవుల్లో కోతులు చచ్చి రాలిపడితే ఎల్లో ఫీవర్ వస్తోందని గుర్తు. రాక్‌ఫెల్లర్ సంస్థ అప్పటికి కొన్ని దశాబ్దాలుగా ఆ రోగం మీదే పనిచేసింది. దానికి టీకా కనిపెట్టిన మాక్స్ థైలర్ ఆ సంస్థ శాస్త్రజ్ఞుడే, ఆయనకు 1951లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆసియాలో ఎల్లో ఫీవర్ ఎన్నడూ లేదు. దాన్ని మోసే దోమ మాత్రం మన ఊరూరా ఉంది. ఆ రోగం ఎరుగని కోట్ల జనం ఉన్నారు. అదే గనుక వచ్చి ఉంటే ఆ విపత్తును ఊహించడానికే భయం వేస్తుంది.

1957 మార్చిలో పుణె బృందం అడవికి వచ్చింది. చచ్చిన కోతుల నుంచి, జ్వరపడిన మనుషుల నుంచి నమూనాలు తీసి ఎలుకపిల్లలకు ఎక్కించి వైరస్‌ను వేరుచేశారు. తెలిసిన వైరస్‌లకు విరుగుడైన రక్తరసాలతో ఒక్కొక్కటిగా పోల్చి చూశారు. ఎల్లో ఫీవర్ కాదని తేలింది. అది ఊరట. కాని సరిపోలింది దేనితో? రష్యా అడవుల్లో వసంత గ్రీష్మ రుతువుల్లో వచ్చే మెదడువాపు జ్వరపు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టమని తేలింది. సైబీరియా మంచు అడవుల వైరస్‌కు చుట్టం మలెనాడు వానల అడవిలో కనబడడమేమిటని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ రష్యా జ్వరాన్ని మోసేది దోమ కాదు, పిడుదు. అంటే ఇక్కడ కూడా వెతకవలసింది దోమను కాదు.

పిడుదు, కోతి, పశువు

పిడుదును కొన్ని ప్రాంతాల్లో గోమారి అంటారు, కన్నడంలో ఉణ్ణె అంటారు. పశువుల చెవుల్లో, గంగడోలు కింద అంటుకుని నెత్తురు తాగే ఈ పురుగును చూడని రైతు ఉండడు. టెల్ఫర్డ్ వర్క్‌తో పాటు హెరాల్డ్ ట్రాపిడో, పి.కె. రాజగోపాలన్ వంటి శాస్త్రజ్ఞులు ఆ అడవుల్లో పనిచేశారు. సాగరలో క్షేత్రకేంద్రం పెట్టారు. తెల్లని గుడ్డను అడవి నేల మీద ఈడ్చుకుంటూ పోతే పిడుదులు దానికి అంటుకుంటాయి. వాటిని ఏరి, జాతుల వారీగా విడదీసి, ఏ జాతిలో వైరస్ ఉందో పరీక్షించడమే ఆ పని. వినడానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత కష్టం. అడవిలోనూ ప్రయోగశాలలోనూ పనిచేసిన కొందరికి అదే జ్వరం సోకింది కూడా.

చివరికి ముఖ్య దోషి హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదు అని తేలింది. దాని బతుకు మూడు దశలు. వానాకాలంలో పెద్ద పిడుదులు పశువుల వంటి పెద్ద జంతువులను పట్టి నెత్తురు తాగుతాయి. ఆడ పిడుదు నేల మీద రాలి వేల గుడ్లు పెట్టి చస్తుంది. వానలు వెనకబట్టాక గుడ్ల నుంచి చిన్న పిల్లలు వస్తాయి. అవి అడవి ఎలుకలు, చుంచులు, నేల మీద తిరిగే పక్షులు, కోతులు వంటి వాటి నెత్తురు తాగి తర్వాతి దశకు మారతాయి. పుష్యమాసం నుంచి వేసవి దాకా ఎండుటాకుల మీద కాచుకుని ఉండేది ఈ రెండో దశ పిడుదులే. ఆవగింజంత ఉంటాయి, కుట్టినా తెలియదు. మనుషులకు జ్వరం అంటించేవి ఎక్కువగా ఇవే. అందుకే జ్వరం ఏటా డిసెంబరులో మొదలై మే, జూన్ నెలల్లో తొలకరితో సద్దుమణుగుతుంది.

ఇందులో కోతి పాత్ర దయనీయమైనది. ఎలుకలు, చుంచులు వైరస్‌ను తమలో ఉంచుకుని పెద్దగా జబ్బుపడకుండా బతుకుతాయి. కోతి మాత్రం తట్టుకోలేదు. దాని నెత్తురులో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, దాన్ని తాగిన పిడుదులన్నీ విషపూరితమవుతాయి. కోతి చచ్చి ఒళ్ళు చల్లబడగానే అవన్నీ ఒక్కచోటే నేల మీదికి దిగిపోతాయి. చచ్చిన కోతి చుట్టూ యాభై మీటర్ల మేర అడవి ప్రమాదస్థలం అవుతుంది. కనుకనే కోతి కళేబరాన్ని కాల్చివేసి, చుట్టూ మలాథియాన్ వంటి పురుగుమందు చల్లాలని నియమం పెట్టారు. కోతికి ఈ జ్వరం పుట్టించిన పాపం అంటగట్టడం న్యాయం కాదు. అది మనకన్నా ముందు చచ్చి, జాగ్రత్త అని చెప్పిపోతోంది.

పశువు పాత్ర ఇంకా చిత్రం. ఆవుకు జబ్బు రాదు. వైరస్‌ను అది పెంచి పంచేది కూడా కాదు. కాని పెద్ద పిడుదుకు కడుపునిండా తిండి పెట్టేది అదే. పశువులు అడవిలోకి మేతకు వెళ్ళినకొద్దీ పిడుదులు పెరుగుతాయి.

ఈ పాయింటు మీదే జార్జ్ బోషెల్ అనే శాస్త్రజ్ఞుడు గట్టిగా రాశాడు. ఆయనది కొలంబియా దేశం. సొంత దేశంలో ఎల్లో ఫీవర్ మీద పనిచేసినవాడు. కట్టెలు కొట్టేవారు చెట్టు పడగొట్టినప్పుడు పైకొమ్మల్లో ఉండే దోమలు కిందికొచ్చి మనుషులను కుట్టడం అక్కడ చూశాడు. అలాంటి కళ్ళతో మలెనాడును చూసి 1969లో ఒక వ్యాసం ప్రచురించాడు. అడవిని నరికి పొలాలు చెయ్యడం, పశువులు అడవి అంచుల్లో మెయ్యడం, జనం అడవిలోకి రాకపోకలు పెరగడం, ఇవన్నీ కలిసి ఎప్పటినుంచో మూలనున్న వైరస్‌ను మనిషి గడపలోకి తెచ్చాయన్నది ఆయన వాదం. దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1953లో. మలేరియాకు పేరుపడిన మలెనాడులో ఆ భయం తగ్గాక జనం పెరిగారు, సాగు పెరిగింది. ఒక రోగాన్ని తరిమిన మేలు అడవి అంచున మరో రోగానికి తలుపు తీసిందేమో అనిపిస్తుంది. అంతమాత్రాన మలేరియాను తరమడం తప్పని ఎవరూ అనరు. ఒక పద్దులో జమ రాసినప్పుడు ఎదుటి పద్దులో ఏం పడుతుందో చూసుకోవాలన్నదే ఇందులోని పాఠం.

పక్షుల మీద అనుమానం

రష్యా వైరస్‌కు చుట్టం ఇక్కడికెలా వచ్చింది? ఏటా చలికాలంలో ఉత్తరదేశాల నుంచి వలస వచ్చే పక్షులు పిడుదులను మోసుకొచ్చాయేమో అని మొదట్లో అనుమానించారు. ఆ అనుమానం మన దేశపు పక్షిశాస్త్రానికి మేలు చేసింది. సాలీం అలీ ఆధ్వర్యంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో వలసపక్షులను పట్టి, కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలే పెద్ద కార్యక్రమం చేపట్టారు. తర్వాత ఆ పనికి అమెరికా సైన్యపు పరిశోధన విభాగం నుంచి కూడా డబ్బు వచ్చింది. దాంతో రభస మొదలైంది. రోగాలను యుద్ధానికి వాడే ఆలోచన ఏమైనా దీని వెనక ఉందా అని పత్రికలు రాశాయి. 1970లలో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం విదేశీ సహాయంతో నడిచే ఇలాంటి పరిశోధనలను నిలదీసింది. సాలీం అలీ ఆ ఆరోపణను తోసిపుచ్చారు. పరిశోధనకు ఎవరి డబ్బు, ఫలితం ఎవరి చేతికి అని అడగడం తప్పు కాదు. అలా అడిగే హక్కు పద్దుల సంఘానికి ఉంది.

వైరస్‌ను పక్షులు తెచ్చాయని మాత్రం రుజువు కాలేదు. క్యాసనూరుకు ముందే, 1950ల తొలినాళ్ళలో తీసిన రక్తనమూనాలలో సౌరాష్ట్ర, కచ్ ప్రాంతాల జనంలో ఈ కోవ వైరస్‌కు ప్రతిరక్షకాలు కనబడి ఉన్నాయి. 1990లలో సౌదీ అరేబియాలో దీనికి తోబుట్టువు వంటి అల్‌ఖుర్మా వైరస్ బయటపడింది. అంటే ఈ వంశం చాలా దేశాల్లో చాలాకాలంగా ఉంది. 1957లో కొత్తగా వచ్చింది వైరస్ కాదు, దానితో మనిషికి ఏర్పడిన పరిచయం.

అడవి అంచున

1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోట కోసం అడవి కొట్టారు. చెట్లు కొట్టడానికి కూలీలు వెళ్ళారు. 1982 చివర మొదలై మరుసటి ఏడు దాకా సాగిన ఆ విజృంభణలో వెయ్యికి పైగా జనానికి జ్వరం సోకింది. చనిపోయినవారు వందకు పైమాటే. పాతికేళ్ళ కిందటే అచ్చులో ఉన్న విజ్ఞానం ఆ అడవిలో గొడ్డలి ఎత్తిన కూలీకి చేరలేదు.

1990ల చివర్లో నేను మలెనాడులో ఒక గ్రామీణ శాఖలో వ్యవసాయ ఋణాల పని చూశాను. అక్కడ పోకతోటలే ఆస్తి. తోటకు ఎరువు కావాలంటే ఆకు కావాలి. ప్రతి తోటకూ అనుబంధంగా సొప్పిన బెట్ట అనే ఆకుల కొండ ఉంటుంది. అక్కడి పచ్చాకు నరికి, ఎండుటాకు ఊడ్చి తెచ్చి పశువులశాలలో పరిచి, ఎరువుగా తోటలో వేస్తారు. ఎండుటాకు ఊడ్చే కాలం, పిడుదు పిల్లలు ఆకుల మీద కాచుకునే కాలం ఒకటే. ఊడ్చేది తోట యజమాని తక్కువ, కూలివాళ్ళు ఎక్కువ. కట్టెలకు వెళ్ళేది ఆడవాళ్ళు. జ్వరం ఎవరికి వస్తుందో ఇక చెప్పనక్కరలేదు.

ఈ జ్వరంలో చనిపోయేవారు నూటికి ముగ్గురి నుంచి అయిదుగురు అని పుస్తకాలు చెబుతాయి. ఎబోలాతో పోలిస్తే తక్కువే. కాని మిగిలిన తొంభై అయిదుగురి సంగతి ఆ అంకెలో కనబడదు. మొదటి జ్వరం తగ్గిన వారం పది రోజులకు కొందరికి మళ్ళీ జ్వరం వస్తుంది. ఈసారి మెదడుకు ఎక్కి వణుకు, మతిభ్రమ కలుగుతాయి. నయమైనవాళ్ళకు కూడా నీరసం వారాలూ నెలలూ వదలదు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. నీళ్ళు, రక్తం ఎక్కిస్తూ దేహాన్ని నిలబెట్టడమే చికిత్స. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా కౌంటరు దగ్గర ముక్కుపుడక, గాజులు తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్ళను ఎందుకని అడిగితే, మణిపాల్ ఆసుపత్రికి తీసుకుపోవాలి సార్ అనేవాళ్ళు. వరద వస్తే, కరువు వస్తే, వడగళ్ళు పడితే పంటఋణం గడువు పెంచడానికి మా నిబంధనల్లో వీలుండేది. ఇంటి యజమాని కోతి జ్వరంతో రెండు నెలలు మంచం పడితే దానికి గడి లేదు. పంట చేలోనే ఉంది, కోసేవాడే లేడు. అది కరువు కిందికి రాదు.

టీకా కథ

రష్యా వైరస్‌కు చుట్టమన్నారు గదా, ఆ రోగానికి ఉన్న టీకానే మొదట వేసి చూశారు. ఫలించలేదు. తర్వాత పుణెలోనే కోడిపిండం కణాల్లో వైరస్‌ను పెంచి, ఫార్మలిన్‌తో చంపి టీకా తయారుచేశారు. 1990 నుంచి విస్తృతంగా వేసి చూసినప్పుడు రెండు మోతాదులు తీసుకున్నవారికి నూటికి తొంభైకి పైగా రక్షణ కలిగిందని లెక్క తేలింది. ఏటా అడవి పల్లెల్లో ఈ టీకా వెయ్యసాగారు. కోతి చచ్చిన చోటు చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపు ఊళ్ళన్నింటికీ వెయ్యాలని నియమం.

కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో చిక్కులు చాలా. నెల వ్యవధిలో రెండు సూదులు, ఆరు నుంచి తొమ్మిది నెలలకు మరొకటి, ఆపైన ఏటా ఒకటి. సూది వేసిన చోట విపరీతమైన నొప్పి. రోజు కూలి పోగొట్టుకుని, చెయ్యి వాచి, వచ్చే ఏడు మళ్ళీ రమ్మంటే ఎంతమంది వస్తారు? రెండో సూదికే చాలామంది ఎగవేశారు. 2005 నుంచి 2010 వరకూ ఉన్న వివరాలతో చేసిన అధ్యయనంలో రెండు మోతాదుల రక్షణ నూటికి 62కి పడిపోయిందని, మూడోది కూడా వేసుకుంటే 83 దాకా ఉందని తేలింది. ఆ తర్వాత టీకా పటుత్వమే సందేహంలో పడింది. చివరకు 2022లో దాన్ని వెయ్యడం ఆపేశారు.

అంటే 1957లో వైరస్‌ను పట్టుకున్న దేశంలో 2022 తర్వాత ఆ జ్వరానికి వేసుకునే టీకా లేకుండా పోయింది. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కొత్త టీకా తయారీని చేపట్టింది హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ. ఆ ప్రయత్నం ఫలించాలని కోరుకుందాం. అందాకా అడవికి వెళ్ళేవాళ్ళకు ఉన్న రక్షణ ఒంటికి రాసుకునే నూనె. మొదట్లో డి.ఎం.పి. నూనె ఇచ్చేవారు, తర్వాత రక్షణ పరిశోధన సంస్థ కనిపెట్టిన డెపా నూనె వచ్చింది. ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకుని, నూనె రాసుకుని వెళ్ళడం, తిరిగి రాగానే వేణ్ణీళ్ళతో ఒళ్ళు తోముకుని బట్టలు వేడినీళ్ళలో వెయ్యడం. పేదవాడి చేతిలో ఉన్న ఆయుధాలు ఇవే.

జిల్లా దాటిన జ్వరం

చాలా ఏళ్ళు ఇది శివమొగ్గ, దాని చుట్టుపక్కల జిల్లాల జబ్బుగానే ఉండిపోయింది. పక్క రాష్ట్రాలు పట్టించుకోలేదు. 2012లో చామరాజనగర జిల్లా బందీపురంలో చచ్చిన కోతులను ఎత్తిన అటవీ సిబ్బందికి సోకింది. అదే కాలంలో తమిళనాడు నీలగిరులలో కోతుల్లో వైరస్ కనబడింది. 2013 నుంచి కేరళ వయనాడులో, 2015లో గోవాలో, 2016లో మహారాష్ట్ర సింధుదుర్గ జిల్లాలో జ్వరం బయటపడింది. కొత్తగా పాకిందా, ఎప్పటినుంచో ఉన్నదాన్ని ఇప్పుడు పరీక్ష చేసి చూడగలిగారా అంటే రెండూ కొంత నిజమే కావచ్చు. 2012లో పుణెలో అత్యంత ప్రమాదకరమైన వైరస్‌లను పరీక్షించే నాలుగో స్థాయి ప్రయోగశాల సిద్ధమైంది. దానికి ముందు 2011లో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో జ్వరం బయటపడి, రోగితో పాటు చికిత్స చేసిన వైద్యుడు, నర్సు కూడా చనిపోయారు. మన దేశానికి ఇలాంటి ప్రయోగశాల ఎంత అవసరమో ఆ సంఘటన చెప్పింది.

అంత వసతి ఉండి కూడా 2018 చివర్లో సాగర తాలూకా అరళగోడు ప్రాంతంలో జ్వరం మళ్ళీ విరుచుకుపడింది. 1957లో పరిశోధకులు క్షేత్రకేంద్రం పెట్టిన సాగరం అదే. అప్పుడూ ముందు చచ్చింది కోతులే. 2024 జనవరిలో శివమొగ్గ జిల్లాలో మళ్ళీ ప్రాణాలు పోయాయి.

తెలిసినా చేరని విద్య

ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఆలోచింపజేసింది ఒక్క విషయం. 1957లో పని త్వరగా జరగడానికి కారణం గొప్ప యంత్రాలు కావు. అడవి అంచున ఎవరో ఒకరు కోతులు చస్తున్నాయని చెప్పారు. మరొకరు అది విని రాసి పైకి పంపారు. పుణెలో ఉన్నవారు దాన్ని కొట్టిపారెయ్యకుండా బయల్దేరి వచ్చారు. కబురు కిందినుంచి పైకి ఏ అడ్డూ లేకుండా పోయింది. తర్వాత అరవై ఏళ్ళలో చెడింది తిరుగు కబురు. పిడుదు ఏ నెలలో కుడుతుందో, చచ్చిన కోతి దగ్గరికి ఎందుకు పోకూడదో, టీకాకు మూడోసారి ఎందుకు రావాలో పైవాళ్ళకు తెలుసు. ఆకు ఊడ్చే మనిషికి, కట్టెలకు పోయే మనిషికి, జీడితోటల్లో పనికి వలస వచ్చిన మనిషికి వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో, వాళ్ళ కూలి పోని వేళలో అది చేరలేదు.

ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బతికే మనకు ఈ మాట ఎవరూ వివరించనక్కరలేదు. గోడమీద అంటించిన హెచ్చరిక చదవలేనివాడికి ఆ హెచ్చరిక లేనట్టే. అడవి సరిహద్దు రాష్ట్రాల సరిహద్దును చూడదు. బందీపురం చెట్టు మీది కోతి నీలగిరి చెట్టు మీదికి ఏ అనుమతీ లేకుండా దూకుతుంది. దాని వెంట వచ్చే సమాచారం మాత్రం రాష్ట్రాల ఆఫీసుల మధ్య, భాషల మధ్య ఆగిపోతూ ఉంటుంది.

రక్తస్రావ జ్వరాలను పూర్తిగా రూపుమాపడం సాధ్యమయ్యే పని కాదు. అడవి ఎలుకలోనూ పిడుదులోనూ ఉన్న వైరస్‌ను ఎవరు తుడిచిపెట్టగలరు? మనిషికి సోకకుండా చూడడం మాత్రం సాధ్యమే. దానికి కావలసినవి పెద్దవేం కావు. కోతి చచ్చిన కబురు ఆ రోజే అందుకునే మనిషి, తాలూకాలోనే జరిగే రక్తపరీక్ష, నమ్మకంగా పనిచేసే టీకా, మంచం పట్టిన కూలివాడికి ఆ రెండు నెలలు ఇల్లు గడిచే ఏర్పాటు. చివరిదాన్ని వైద్యగ్రంథాలలో రాయరు. కాని అది లేకపోతే మనిషి జ్వరం భయమున్నా అడవికి వెళ్ళక మానడు. అడవిలో పిడుదు ఉందని అతనికి మనకన్నా బాగా తెలుసు. ఇంట్లో పొయ్యి వెలగాలని ఇంకా బాగా తెలుసు.

మలెనాడులోగాని, నీలగిరుల్లోగాని, సింధుదుర్గంలోగాని ఉండే మన పాఠకులు చెయ్యగలిగింది ఒకటుంది. డిసెంబరు నుంచి మే దాకా ఎక్కడైనా చచ్చిన కోతి కనబడితే దగ్గరికి వెళ్ళకండి, ముట్టుకోకండి, పిల్లలను వెళ్ళనివ్వకండి. వెంటనే ఆరోగ్యకేంద్రానికో, అటవీశాఖకో చెప్పండి. మీ తోటలో, మీ ఇంట్లో పనిచేసేవారికి వారి భాషలో చెప్పండి. 1957లో పేరు తెలియని ఎవరో చేసిన పని అదే. ఈ జ్వరం గురించి లోకానికి తెలిసినదంతా ఆ ఒక్క కబురుతోనే మొదలైంది.